భిలాయి తీన్‌లో భోగి

విజయనగరంలో రాత్రి కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు మా వదిన ఫోన్లో చెప్పిన దారి చాలా తేలికగా ఉంది. "పొద్దున్న రాయపూర్‌లో దిగు. దుర్గ్ వెళ్లే మెమూ ఎక్కు. భిలాయిలో దిగిపో. మిగతాది నేను చూసుకుంటాను." వదినంటే మా చిన్నత్త కూతురు. పెళ్లై ఆ ఊరు వెళ్లి ముప్ఫై ఏళ్లవుతోంది. సంక్రాంతి సెలవుల్లో రమ్మని ప్రతి ఏడూ పిలుస్తుంది. 2025 జనవరిలో నాకు కుదిరింది.

బండి రాయగడ దాటాక నిద్ర పట్టింది. మెలకువ వచ్చి చూస్తే ఏదో స్టేషన్లో ఆగి ఉంది. ప్లాట్‌ఫారం మీద పసుపుపచ్చ బోర్డు: కాంటాబాంజీ. ఆ పేరు నాకు బాగా తెలుసు. నేను పాఠాలు చెప్పే బడికి దగ్గర్లో ఇటుక బట్టీ ఉంది. దసరా, దీపావళి వెళ్లాక పశ్చిమ ఒడిశా నుంచి కుటుంబాలు కుటుంబాలే మన ఇటుక బట్టీలకు వస్తాయి. చాలామంది రైలెక్కేది ఈ కాంటాబాంజీలోనే. వాళ్ల పిల్లలు కొన్నాళ్లు మా వరండాలో కూర్చుంటారు. తెలుగు అక్షరాలు పట్టుబడుతున్నాయి అనుకునేలోపు వానాకాలం ముందు వెళ్లిపోతారు. ఆ బోర్డు కిందే ఆ పిల్లలు మూటల మీద కూర్చుని బండి కోసం చూసి ఉంటారనిపించింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

రాయపూర్‌లో మెమూ లోకల్ రైలు దొరికింది. ఖారూన్ నది దాటాం. కుమ్హారీ, దేవబలోదా చరోదా అని ఒక్కో బోర్డూ చదువుకుంటూ కూర్చున్నాను. హిందీ నేను బళ్లో మూడో భాషగా నేర్చుకున్నదే. కూడబలుక్కుని చదివేలోపు బండి కదిలిపోతుంది. "భిలాయి" అని ఒక స్టేషన్ వచ్చింది. చిన్నది. దిగినవాళ్లు పదిమంది లేరు. దేశమంతటికీ రైలు పట్టాలు పంపే ఊరి స్టేషన్ ఇంత చిన్నగా ఉంటుందా, ఇది శివారేమో అనుకుని దిగలేదు. తర్వాతది భిలాయి పవర్‌హౌస్. పెట్టెలో సగంమంది లేచారు. నేనూ వాళ్లతోపాటు దిగేశాను.

మీరు వెళ్లేటప్పుడు ఈ వరస గుర్తుంచుకోండి: భిలాయి, భిలాయి పవర్‌హౌస్, భిలాయి నగర్, ఆ తర్వాత దుర్గ్. ఉత్త "భిలాయి" అని రాసి ఉన్న చిన్న స్టేషనే భిలాయి-3. అక్కడివాళ్లు "భిలాయి తీన్" అంటారు. నేను ఆటో అబ్బాయితో "భిలాయి, నంబర్ త్రీ" అన్నాను. అతను సరేనని తల ఊపి నన్ను స్టీల్ టౌన్‌షిప్‌లో సెక్టర్ 3కి తీసుకెళ్లి దింపాడు. అతని తప్పేమీ లేదు. నేనడిగిన మూడు అక్కడా ఉంది మరి!

అలా తప్పిపోవడం నాకు మంచే చేసింది. సెక్టర్ 3లో అరగంట నిలబడి చుట్టూ చూశాను. గీత గీసినట్టు తిన్నని రోడ్లు, పెద్ద పెద్ద చెట్లు, ఒకేలాంటి క్వార్టర్లు, నడిచి వెళ్లేంత దూరంలో బడి. మా విశాఖ ఉక్కునగరాన్ని ఎవరో పాతికేళ్లు ముందుగా కట్టినట్టుంది. నిజానికి జరిగిందీ దాదాపు అంతే. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఫ్యాక్టరీతోపాటే ఆస్పత్రులు వచ్చాయి, బళ్లు వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లిన మనవాళ్లూ వచ్చారు. సెక్టర్ 5లో బాలాజీ గుడి ఉంది. పిల్లల చదువులకు భిలాయికి దేశంలో పెద్ద పేరు. 2016 నుంచి ఐఐటీ కూడా ఉంది.

భిలాయి తీన్‌కి ఇంకో ఆటో ఎక్కాను. శనివారం పొద్దున కావడంతో జీఈ రోడ్డు మీద యూనిఫాంలో ఆడపిల్లలు సైకిళ్ల మీద బారులు తీరి పోతున్నారు. ఇక్కడ తొమ్మిదో తరగతికి వచ్చిన ఎస్సీ, ఎస్టీ, పేద కుటుంబాల ఆడపిల్లలకు ప్రభుత్వం సరస్వతీ సైకిల్ యోజన కింద సైకిలిస్తుంది. ఖుర్సీపార్ దాటాక టౌన్‌షిప్ చెట్లు వెనకబడ్డాయి. దుకాణాలు, వర్క్‌షాపులు, ఇనుప తుక్కు గుట్టలు, లారీలు మొదలయ్యాయి. ఆటో భిలాయి తీన్ చేరేసరికి వదిన రోడ్డు పక్కన చేతులు నడుముకు పెట్టుకుని నిలబడి ఉంది. "ఏటమ్మా, పక్క ఊరి పెళ్లికి వెళ్లొచ్చినావా?" అంది.

వదిన వాళ్లది చరోదా రైల్వే కాలనీ. భిలాయి తీన్, చరోదా ఇప్పుడు కలిసి ఒకే నగరపాలక సంస్థ. స్టీల్ ప్లాంట్ పేరు దేశమంతా తెలుసు. దాని పక్కనే పడుకుని ఉన్న ఈ మార్షలింగ్ యార్డ్ సంగతి బయట ఎవరికీ అంతగా తెలియదు. కాలనీవాళ్లు బీఎంవై అంటారు. ఒకదాని పక్కన ఒకటి లెక్కలేనన్ని పట్టాలు. వాటి మీద కదలకుండా నిలబడ్డ గూడ్సు బళ్లు. రాత్రిళ్లు వాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు ఒక చివర మొదలై ఇంకో చివరిదాకా ఉరుములా దొర్లుకుంటూ పోతుంది. మొదటి రాత్రి నేను మూడుసార్లు లేచి కూర్చున్నాను. వదిన మనవడికి మాత్రం ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వస్తుందట.

తిండి దగ్గర మాత్రం నాకు ఎక్కడా కొత్త అనిపించలేదు. బియ్యప్పిండితో పల్చగా పోసే అట్టుని చీలా అంటారు, టమాటా పచ్చడితో తింటారు. అన్నాన్నీ పిండినీ కలిపి వేళ్లలా చేసి ఆవిరి మీద ఉడికించేది ఫరా. ఇక బోరే బాసీ అని ఒకటి ఉంది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినడం. మా నాయనమ్మ చద్దన్నమే! ఇక్కడ 2022 నుంచి కొన్నేళ్లు మే 1న బోరే బాసీ దినం అని పండగలా జరిపారు. మన చద్దికి అలాంటి గౌరవం ఎప్పుడైనా దక్కిందా? వదిన పక్కింటావిడ ఒక స్టీలు డబ్బా తెచ్చి "అయిర్‌సా" అని చేతిలో పెట్టింది. మూత తీస్తే అరిసెలు. రుచి అదే, నూనె వాసన అదే. పేరు కూడా కాస్త సాగదీస్తే మనదే.

సాయంత్రం వదిన "పద, మా అక్క క్లాసు చూద్దువుగాని" అంది. అసలు నేను వెళ్లిందే అందుకు. ఫోన్లో ఏళ్ల తరబడి ఆవిడ సంగతులే చెబుతోంది. ఆవిడ పేరు రాయొద్దంది కాబట్టి నేనూ అక్క అనే రాస్తాను. కాలనీలో తెలుగువాళ్లు అక్క అంటారు, మిగతావాళ్లు దీదీ అంటారు.

కాలనీ వెనక బస్తీలో ఒక సాముదాయిక్ భవన్ ఉంది, మన కమ్యూనిటీ హాలు లాంటిది. అందులో చాపల మీద పద్నాలుగు మంది ఆడవాళ్లు. కొందరు ఇళ్లలో పనిచేసి వచ్చినవాళ్లు, కొందరు కట్టుబడి పనికి వెళ్లేవాళ్లు. ఒకావిడ ఒళ్లో మనవరాలు నిద్రపోతోంది. గోడకు కేంద్రప్రభుత్వ ఉల్లాస్ పథకం పోస్టర్. పదిహేనేళ్లు దాటి చదువు రానివాళ్ల కోసం 2022లో మొదలైన కార్యక్రమం అది. ఇందులో చెప్పేవాళ్లకు జీతం లేదు, అందరూ వాలంటీర్లే.

నేను ఇంటర్ చదివే రోజుల్లో లాంతరు పట్టుకుని ఇలాంటి క్లాసుకి వాలంటీరుగా వెళ్లాను. అప్పుడు మేం "అ - అమ్మ, ఆ - ఆవు" అని మొదలుపెట్టేవాళ్లం. అక్క అలా మొదలుపెట్టలేదు. ఆ రోజు పాఠం ఒక కరెంటు బిల్లు. ఎవరి బిల్లు వాళ్లు తెచ్చుకున్నారు. ముందు తమ పేరెక్కడుందో వేలు పెట్టి చూపించాలి, తర్వాత కట్టాల్సిన తేదీ, తర్వాత మొత్తం. ఒకావిడ తన పేరు కోసం వెతికి వెతికి, "నా పేరు లేదు దీదీ, మా ఆయన పేరుంది" అంది. అక్క "అయితే ఆ పేరే చదువు, ఎలాగూ నోటితో పిలవవుగా" అంది. హాలంతా నవ్వు. ఆవిడ సిగ్గుపడుతూనే ఒక్కో అక్షరం కూడబలుక్కుని మొగుడి పేరు పైకి చదివింది. నవ్వు ఆగిపోయింది. తర్వాత అందరూ చప్పట్లు కొట్టారు.

క్లాసయ్యాక టీ తాగుతూ అక్క తన కథ చెప్పింది. ఆవిడ మాటల్లో మా శ్రీకాకుళం యాస అలాగే ఉంది. మధ్యమధ్య హిందీ వచ్చి కలుస్తుంది.

వాళ్లది పలాస దగ్గర ఊరు. వాళ్లమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. జీడి చమురుకి వేళ్లు కాలిపోయి, నల్లబడి, చర్మం ఊడిపోయేది. "మా అమ్మకి వేలిముద్ర కూడా సరిగ్గా పడీది కాదమ్మా. సంతకం రానోళ్లు వేలిముద్రేస్తారు. అదీ పడనోళ్లు ఏటి సెయ్యాలి?" అంది. ఏడో తరగతి అయ్యాక నాన్న బడి మాన్పించబోతే ఒక లెక్కల మేష్టారు ఇంటికొచ్చారు. గట్టిగా ఏమీ మాట్లాడలేదు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, పంటల గురించి మాట్లాడి వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ వచ్చారు. నాలుగో రోజు నాన్నే "సరే, పదిదాకా పంపుతాను మేష్టారూ" అన్నాడు. అలా తెలుగు మీడియంలో పది పాసయింది. కాలేజీ గెడ్డ అవతల టౌన్లో. గెడ్డంటే వాగు. అంత దూరం ఎవరు పంపుతారు? పద్దెనిమిది దాటగానే పెళ్లి. భర్తకి ఇక్కడ రైల్వేలో వాగన్లు బాగుచేసే పని.

"ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఒక ఆఫీసులో కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. అంతా హిందీ. ఎక్కడ పెట్టాలో తెలీక, అడగడానికి భయమేసి, స్టాంపు డబ్బా కనిపిస్తే వేలిముద్రేసీసినాను. పది పాసైనదాన్ని! ఆ రాత్రి అన్నం తినలేదు." ఇక్కడ చదువు రానివాళ్లని "అంగూఠా ఛాప్" అంటారు. ఆ మాట ఆవిడ తనని తాను అనుకుంది. తర్వాత కొడుకు ఒకటో తరగతి పుస్తకం పక్కన పెట్టుకుని వాడితోపాటే హిందీ నేర్చుకుంది. ఇంకొన్నాళ్లకు రాష్ట్ర ఓపెన్ స్కూల్లో పన్నెండు పాసయింది, హిందీలో.

ఆవిడ పనిలో నాకు నచ్చిన ప్రతిదానికీ మూలం ఆ చదువులోనే కనిపించింది. పాఠం కాగితంతో మొదలవుతుంది, ఎందుకంటే ఆవిడ భయపడింది కాగితానికే. పిల్ల బడి మానేసిందని తెలిస్తే ఆ ఇంటికి వెళ్లి కూర్చుంటుంది, ఇచ్చిన టీ తాగుతుంది, మొదటిరోజు బడి ఊసే ఎత్తదు. ఆ మేష్టారి పద్ధతి అది. అన్నిటికన్నా నాకు విలువైనదిగా తోచింది ఆవిడ వేసే ప్రశ్న. "చదువుకున్నావా?" అని ఎవరినీ అడగదు. "నీ చదువు ఎక్కడ ఆగింది?" అని అడుగుతుంది. మొదటి ప్రశ్నకి ఉన్నవి రెండే జవాబులు, అందులో ఒకటి చెప్పాలంటే తల దించుకోవాలి. రెండోదానికి మాత్రం కథ చెప్పొచ్చు.

ఆ కథలన్నీ ఒక పొడుగాటి లెడ్జర్ పుస్తకంలో రాసుకుంది. ఒక్కో అమ్మాయికి ఒక్కో వరస. నన్ను చదవనిచ్చింది. చాలా వరసల్లో యార్డు ఉంది. కొన్ని బస్తీలకీ పెద్దబడికీ మధ్య పట్టాలే. పై వంతెన మీంచి వెళ్తే చుట్టు తిరుగుడు. నిలబడ్డ గూడ్సు ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలీదు. చిన్నప్పుడు అన్నదమ్ములతో వెళ్లిన పిల్లని ఎనిమిది తర్వాత ఒంటరిగా ఆ దారిన పంపడానికి తల్లి గుండె ఒప్పదు. కొన్ని వరసల్లో చంటి తమ్ముడు. కొన్నిట్లో బళ్లో మరుగుదొడ్డికి తాళం. ఒక వరసలో "హిందీ" అని ఒక్క ముక్కే ఉంది. ఆ పిల్ల ఇంట్లో మాట్లాడేది ఛత్తీస్‌గఢీ, పుస్తకంలో ఉన్నది వేరే. అర్థం కాలేదని నోరు విప్పి చెప్పలేక మానేసింది.

"యార్డు సంగతి ఏం చేశారక్కా?" అని అడిగాను.

"ఏటి సేస్తాను? గెడ్డ నాకు తెలుసు కదా. ఎనిమిదిమంది పిల్లల్ని జట్టు కట్టించి వంతెన మీంచి నేనే తీసుకెళ్లినాను, రెండు నెలలు. తరవాత ఆళ్లే ఒకర్నొకరు పిలుసుకుని ఎళ్తన్నారు."

గెడ్డ నాకు తెలుసు కదా! ఆ మాట వినగానే నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తొచ్చింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసిన రాజమండ్రి పిల్ల. ఇంగ్లీషు రుద్దుతున్నారని బడి వదిలేసింది. సొంతంగా హిందీ నేర్చుకుని, ఆడవాళ్లకు హిందీ బడి పెట్టింది. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లి వచ్చాక ఆగిన చదువు మళ్లీ అందుకుంది. బెనారస్ మెట్రిక్ రాసి, ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ., ఆ తర్వాత మద్రాసులో లా చేసింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు మొదట్లో చేసిన పని ఏమిటి? మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లకు బెనారస్ మెట్రిక్‌కి శిక్షణ. తను దాటిన చోటే ఇంకొకరిని దాటించడం. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యాక, వయసు మీరిన ఆడవాళ్లు తక్కువ కాలంలో పరీక్ష పాసయ్యే కోర్సులు ఆ బోర్డు దేశమంతా పెట్టింది. ఇదంతా అక్కకి చెప్పాను. "మన రాజమండ్రి ఆవిడా!" అని, ఆ పేరు లెడ్జర్ అట్ట లోపల రాసుకుంది. హిందీలో.

ఆదివారం వదిన, నేను, అక్క దుర్గ్ వెళ్లి అక్కడ బాలోద్ వైపు బస్సెక్కాం. వరి కోసేసిన మళ్లు, గట్ల మీద తుమ్మచెట్లు, బస్తాలతో కొనుగోలు కేంద్రాలకు పోయే ట్రాక్టర్లు. కిటికీలోంచి చూస్తే బొబ్బిలి వైపు వెళ్తున్నట్టే ఉంది. దిగింది గుండర్‌దేహీలో. చిన్న టౌను. బస్టాండు దగ్గర సమోసా, పోహా, జిలేబీ. పోహా మీద జిలేబీ నంజుకుని తింటారు. నేనూ తిన్నాను, బాగుంది, మీరు వెళ్తే తప్పక తినండి.

ఈ ఊరికి అక్క నన్ను తీసుకొచ్చింది శంషాద్ బేగం కథ చెప్పడానికి. 1990లో జాతీయ సాక్షరతా మిషన్ ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు ఆవిడ అందులో దిగింది. 18,265 మంది చదువు రాని ఆడవాళ్లుంటే, ఆరు నెలల్లో ఆవిడా తోటివాళ్లూ కలిసి 12,269 మందికి అక్షరాలు నేర్పారు. సహయోగీ జన కల్యాణ్ సమితి అని సంస్థ పెట్టింది. నన్ను ఆపింది ఆ అంకెలకన్నా ఆ తర్వాత జరిగినదే. అక్షరాల కోసం ఒకచోట కూర్చోవడం అలవాటైన ఆడవాళ్లు వేరే విషయాలూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పొదుపు సంఘాలు వచ్చాయి. 2006లో మహిళా కమాండోలు వచ్చారు. మెరూన్ చీర, టోపీ, చేతిలో కర్ర, మెడలో విజిల్. సాయంత్రమైతే ఊళ్లో గస్తీ తిరిగి, సారా తాగి గొడవ చేసేవాళ్లని, ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకునేవాళ్లని నిలదీస్తారు. 2012లో శంషాద్ బేగంకి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు రాజ్‌నాంద్‌గావ్ ఫూల్‌బాసన్ బాయి యాదవ్‌కీ వచ్చింది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన ఆవిడ వేలాది ఆడవాళ్లని సంఘాలుగా కట్టింది. రెండు పద్మశ్రీలూ ఒకే ఏడు, ఇంత దగ్గర ఊళ్లకి!

నెల్లూరు జిల్లా గుర్తురాని తెలుగువాళ్లు ఉంటారా ఇది వింటే? 1991లో అక్కడ అక్షర దీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం. రాత్రి బడి వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం. సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల కథ అది. అది చదివిన దూబగుంట ఆడవాళ్లు నిజంగానే దుకాణం మూయించారు, వాళ్లలో ఒకరైన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం. నిషేధం నిలవలేదు, అది వేరే సంగతి. బస్టాండులో నిలబడి ఇదంతా చెబుతుంటే అక్క అడిగింది: "మరి ఆ రాత్రి బళ్లు ఇప్పుడున్నాయేటి?" నేను లాంతరు పట్టుకెళ్లిన క్లాసు గుర్తొచ్చింది. పుస్తకం అయిపోయాక చదవడానికి ఇంకో పుస్తకం లేక, ఏడాది తిరిగేసరికి వాళ్లలో చాలామంది అక్షరాలు మర్చిపోయారు. లేవని చెప్పాను.

2011 జనాభా లెక్కల్లో ఛత్తీస్‌గఢ్ ఆడవాళ్ల అక్షరాస్యత 60 శాతం. అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 59. వెనకబడిన ప్రాంతానికి వెళ్తున్నానన్న ఊహ నా మనసులో ఎక్కడో ఉండబట్టే, ఆ అంకె తర్వాత చూసినప్పుడు గుచ్చుకుంది.

తిరుగు బస్సులో చీకటి పడింది. ఒక పల్లె దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు ఎక్కడినుంచో విజిల్ వినిపించింది. బళ్లో పీటీ మేష్టారు ఊదినట్టు పొడుగ్గా, ఇంకో వీధి నుంచి దానికి జవాబుగా ఇంకొకటి. ఎవరు ఊదారో కనిపించలేదు. బస్సులో ఆడవాళ్లు మాత్రం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

చదువు రాకపోవడం గురించి ఇన్ని మాటలు రాశాక తీజన్ బాయి గురించి చెప్పకపోతే అన్యాయం. భిలాయికి దగ్గర్లోని గనియారీ ఆవిడ పుట్టిన ఊరు. బడికి వెళ్లలేదు. మహాభారతాన్ని పండవానీ అనే కథాగానంగా, మగవాళ్లే పాడే కాపాలిక్ శైలిలో, తంబూరా ఎత్తి నిలబడి పాడింది. ఆడపిల్ల పాడటమేమిటని కులం వెలివేసింది. తర్వాత స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం, దేశదేశాల్లో ప్రదర్శనలు, 2019లో పద్మవిభూషణ్. మన బుర్రకథ, హరికథ ఎరిగినవాళ్లు ఆ గొంతు ఒక్కసారి వింటే చాలు, భాష రాకున్నా కథ అర్థమవుతుంది. క్లాసులో కొత్తగా చేరినవాళ్లు "మాకేమీ రాదు దీదీ" అంటే అక్క తీజన్ బాయి పేరు ఎత్తుతుందట. రానిది అక్షరం ఒక్కటే అని చెప్పడానికి.

ఆ ఏడు జనవరి 13న భోగి, పుష్య పున్నమి ఒకేరోజు పడ్డాయి. పుష్య పున్నమి ఇక్కడ ఛేర్‌ఛేరా పండగ. తెల్లవారుజామున కాలనీలో మన భోగిమంట వెలిగింది. శ్రీకాకుళం చలి కన్నా ఇక్కడి చలి గట్టిది, అందరం మంటకి ఆనుకుని నిలబడ్డాం. వెలుతురు వచ్చేసరికి బస్తీ పిల్లలు సంచులు పట్టుకుని ఇంటింటికీ మొదలయ్యారు. కొత్త వడ్లు ఇంటికొచ్చిన సందర్భంగా పిల్లలు గుమ్మంలో నిలబడి కేక వేస్తే ఇంటివాళ్లు దోసెడు ధాన్యం పోయాలి. మా చిన్నప్పుడు దసరాకి గిలకలు పట్టుకుని బడిపిల్లలం ఇలాగే తిరిగేవాళ్లం. రైల్వే క్వార్టర్లలో వడ్లు ఎక్కడివి? వదిన బియ్యం డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. వచ్చిన ఒక్కో ఆడపిల్లనీ "నోనీ, ఏ క్లాసు?" అని అడిగి మరీ పోసింది. నోనీ అంటే అమ్మాయీ అని. అక్క దగ్గర నేర్చుకున్న విద్యే అది.

మంట దగ్గరికి ఒక కుర్రాడు పాత నోటుబుక్కుల కట్ట తెచ్చాడు, భోగిలో వేద్దామని. అక్క చటుక్కున లాక్కుంది. ఒక్కో పుస్తకం తిప్పి, రాయని కాగితాలు జాగ్రత్తగా చింపి పక్కన పెట్టి, రాసినవి మాత్రం మంటకి ఇచ్చింది. ఆ తెల్లకాగితాలు దబ్బనంతో కుట్టి క్లాసు ఆడవాళ్లకి పుస్తకాలు చేస్తుందట. నేనూ పక్కన కూర్చుని చింపాను. ఎనభైకి పైగా కాగితాలు వచ్చాయి.

అక్కడే నాకు ఒక పని అప్పజెప్పింది. కాలనీలో పుట్టి పెరిగిన మన పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం రాదు. అమ్మమ్మ ఊరు వెళ్తే బస్సు బోర్డు చదవలేరు. "నేను హిందీ రాక పడ్డ భయం ఆళ్లు తెలుగు రాక పడకూడదమ్మా" అంది. ఆదివారం పొద్దున ఒక గంట తెలుగు చెబుతానంటోంది. పుస్తకాలే లేవు.

విశాఖ నుంచి దుర్గ్‌కి 2024 సెప్టెంబర్ నుంచి వందే భారత్ ఉంది. అది భిలాయి తీన్‌లో ఆగదు, దుర్గ్‌లోగానీ రాయపూర్‌లోగానీ దిగి మెమూ ఎక్కండి. రాయపూర్ నుంచైతే పవర్‌హౌస్ దాకా పోకుండా చిన్న స్టేషన్లోనే దిగండి. వీలుంటే దేవబలోదాలో కలచురుల నాటి శివాలయం చూడండి. పైన శిఖరం లేదు, చుట్టూ గోడల నిండా ఏనుగులు, వేటలు, నాట్యగత్తెలు. పెట్టెలో కాస్త చోటు మిగుల్చుకోండి. ఒకటో తరగతి తెలుగు వాచకాలు పది, రెండో తరగతివి ఐదు, పెద్దబాలశిక్ష ఒకటి, ఆర్టీసీ బస్సు రూట్ల పేర్లు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఒకటి. అక్క చెప్పిన జాబితా ఇది. మొదటి రెండూ నేను వేసవి సెలవుల్లో పట్టుకెళ్లాను. మిగతావి ఇంకా కావాలి.